చలికాలపు కొండ మజిలీలకు తేలికైన గుడారం

బండి దారి వదిలి, కావలసిన సామానంతా వీపున మోసుకుంటూ కొండల్లో నడిచి, ఒకటి రెండు రాత్రులు ఆరుబయట గడిపేవారికి పనికొచ్చే చిన్న ఆశ్రయం తేలికైన గుడారం. మనిషి వంతుకు దాని బరువు సుమారు కిలో మించకూడదని నడకలో ఆరితేరినవారి లెక్క. ఎండాకాలంలో ఏ గుడారమైనా సరిపోతుంది. చలికాలంలో మాత్రం తప్పు ఎంపిక రాత్రి నిద్రనూ మర్నాటి నడకనూ పాడుచేస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికీ తెస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అవసరం బాగా కనిపించేది నర్సీపట్నం ఎగువన ఉన్న తూర్పు కనుమల్లో, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు.

ప్రాంతం, చలి తీరు

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం, మున్సిపాలిటీ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టేవరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పట్నం మైదానపు అంచున ఉంటుంది. అక్కడి నుంచి డౌనూరు మీదుగా ఘాట్ రోడ్డెక్కితే సుమారు 30 కిలోమీటర్లలో లంబసింగి వస్తుంది. స్థానికులు దాన్ని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. లంబసింగి, దాని పక్కనున్న తాజంగి, మబ్బులు కాళ్ళ కింద పరుచుకునే చెరువులవేనం అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోనివి. పాడేరు దగ్గరి వంజంగి కొండ కూడా ఇదే కోవలోది. చలికాలంలో వేల మంది యువకులు ఈ చోట్లకు గుడారాలతో వస్తున్నారు.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుందన్న సాధారణ సూత్రం ప్రకారం అక్కడి రాత్రి నర్సీపట్నం కంటే ఆరేడు డిగ్రీలు మాత్రమే చల్లగా ఉండాలి. అసలు చలి ఆ లెక్కను మించుతుంది: అదే మండలంలోని చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొన్ని జనవరి రాత్రుల్లో 5 డిగ్రీల కంటే తక్కువ నమోదైంది. ఇందుకు రెండు కారణాలు. మొదటిది, మబ్బులేని రాత్రిలో నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. రెండోది, చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట దిగి, కొండల నడుమ పల్లంలో మడుగు కడుతుంది. గాలి కదలదు, తేమ పోదు. తెల్లవారుజాముకు పొగమంచు కమ్ముకుంటుంది.

ఈ చలికి హిమాలయపు చలితో పోలిక తక్కువ. ఇక్కడ మంచు కురిసి గుడారం మీద పేరుకోదు. పెనుగాలి వీచే రాత్రులూ అరుదే. నిశ్చలంగా, తడిగా, నేలలోంచి పుట్టుకొచ్చే చలి ఇది. గుడారం ఎంచుకునేవారు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ ఈ కొండల్లోని కాఫీ తోటల నీడ చెట్లను కూల్చేసింది. బయలుదేరే ముందు విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం సూచనలు చూసుకోకుండా ఆరుబయట పడుకోవడం తగదు.

మన్యంలో పాత ఆశ్రయాలు

ఈ చలిని భగతలు, కొండదొరలు, కొందులు, వాల్మీకులు తదితర గిరిజనులు తరతరాలుగా ఎదుర్కొంటూ వచ్చారు. పంట కాపలాకు పోడు పొలాల్లో కట్టుకునే మంచెలో మంచి ఇంజినీరింగు ఉంది. అది మనిషిని తడినేల నుంచి పైకి లేపుతుంది, పల్లంలో చేరిన చల్లగాలికి కొంత ఎగువన ఉంచుతుంది. పైన కప్పిన గడ్డి ఒంటి వేడి ఆకాశంలోకి పోకుండా ఆపుతుంది. కింద వరిగడ్డి పరుచుకోవడం, ఇంటి ముందు నెగడు వేసుకోవడం ఆ అనుభవంలోంచి వచ్చినవే. తెలంగాణ, రాయలసీమల్లో గొర్రెల కాపరులు మంద దగ్గర గొంగడి కప్పుకుని పడుకుంటారు. ఉన్ని తడిసినా చాలావరకు వెచ్చదనం నిలుపుకుంటుంది కాబట్టి గొంగడే వారికి పడక, గొడుగు, గుడారం. దాని లోపం బరువు ఒక్కటే.

నేటి గుడారం చేయాల్సిన పనులు కూడా ఇవే: నేల తడిని ఆపడం, ఆకాశానికి అడ్డుగా నిలవడం, పురుగూ పుట్రా రాకుండా చూడడం. వాటిని కిలో బరువులో చేయగలగడమే కొత్త.

గుడారం తేలికైన క్రమం

19వ శతాబ్దం నడుమ ఆల్ప్స్ పర్వతాలెక్కిన ఎడ్వర్డ్ వింపర్ వాడిన గుడారం పది కిలోల బరువుండేది. ఆ శతాబ్దం చివర్లో ఆల్బర్ట్ మమ్మరీ మంచుగొడ్డళ్ళనే కడ్డీలుగా నిలిపి, పట్టుబట్టతో రెండు కిలోల లోపు గుడారం తయారుచేసుకున్నాడు. చేతిలో ఉన్న వస్తువునే స్తంభంగా వాడుకునే ఆ ఉపాయం నేడు నడక కర్రలతో నిలిపే గుడారాల్లో కొనసాగుతోంది. 1935లో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ నైలాన్‌ను కనుగొన్నాక కాన్వాసు కాలం ముగియడం మొదలైంది. 1975లో నార్త్ ఫేస్ సంస్థ కడ్డీలు ఒకదానినొకటి దాటే జియోడెసిక్ గుమ్మటాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 1955లో 67 ఏళ్ళ ఎమ్మా గేట్‌వుడ్ అమెరికాలోని అపలాచియన్ బాటను, సుమారు 3,300 కిలోమీటర్లు, ఒంటరిగా నడిచింది. ఆశ్రయంగా ఆమె మోసుకెళ్ళింది స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర. 1990ల్లో రే జార్డిన్ రచనలు ఈ తేలిక నడకకు శాస్త్రం అందించాయి.

రకాలు

*బరకం.* రైతు ఇంట ధాన్యం మీద కప్పే బరకం అన్నిటికంటే చవకైన ఆశ్రయం, తేలికైనది కూడా. రెండు చెట్ల మధ్య తాడు కట్టి, దాని మీద వేసి, అంచులు నేలకు లాగి కడితే ఇద్దరికి సరిపోతుంది. సిల్పాలిన్ వంటి ప్లాస్టిక్ బరకాల మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అది చెబుతుంది. 90 జీఎస్ఎం బరకం మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు తీసుకుంటే 810 గ్రాములు. అదే కొలతకు 40 జీఎస్ఎం సిలికాన్ నైలాన్ 360 గ్రాములే. ఏ ఆశ్రయాన్నైనా ఈ లెక్కతో దుకాణంలోనే తూచవచ్చు. బరకం కింద గాలి బాగా ఆడుతుంది, తేమ పట్టదు. లోపం, నేల లేదు, దోమతెర లేదు. మలేరియా చాలాకాలంగా వెంటాడుతున్న ఈ మన్యంలో తెర లేని ఆశ్రయం వద్దు. బరకం ఎంచుకున్నవారు వేలాడే దోమతెర, నేలపట్టా కలుపుకోవాలి. అవి కలిపినా మనిషి వంతు బరువు కిలో దాటదు.

*బివీ సంచి.* స్లీపింగ్ బ్యాగు మీద తొడిగే, నీరు చొరని సంచి. పావుకిలో నుంచి కిలో వరకు ఉంటుంది. ఇరుకైన చోట పనికొస్తుంది కానీ, ఊపిరి తేమ పోయే దారి తక్కువ. మన పొగమంచు రాత్రుల్లో తెల్లారేసరికి స్లీపింగ్ బ్యాగు చెమ్మగిల్లుతుంది. అత్యవసరానికి తప్ప దీన్ని సిఫారసు చేయలేం.

*ఊయల.* చెట్లున్నచోట రాళ్ళ నేల, వాలు నేల అన్న బాధ ఉండదు. అయితే ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగు కింది దూది నలిగిపోతుంది, కింద గాలి ఆడుతుంది, అందువల్ల వీపు చల్లబడిపోతుంది. చలికాలంలో ఊయల అడుగున వేలాడదీసే ప్రత్యేకమైన బొంత లేకుండా నిద్ర పట్టదు. దాన్నీ, పై కప్పునూ కలిపితే మొత్తం బరువు గుడారంతో సమానమవుతుంది.

*ఒంటి గోడ గుడారం.* ఒకే పొర బట్ట. తేలిక, త్వరగా నిలబడుతుంది. పొడిగాలి వీచే ఎత్తైన పర్వతాలకు అనుకూలం. తేమ నిలిచే లంబసింగి పల్లంలో లోపలి గోడ నీరు కారుతుంది, చెయ్యి తగిలితే పక్కబట్టలు తడుస్తాయి.

*జంట గోడ గుడారం.* లోపల వలబట్ట గది, దాని మీద కొంచెం ఎడంతో నీరు చొరని కప్పు. తేమ పై కప్పుకు పట్టినా లోపల ఉన్నవారి మీద పడదు. నడక కర్రలతో నిలిపే ఇద్దరి గుడారాలు 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల వరకు, సొంత కడ్డీలతో తనంతట నిలిచేవి కిలోంబావు నుంచి రెండు కిలోల వరకు ఉంటాయి. అద్దెకిచ్చే మామూలు డోమ్ టెంట్లు ఇద్దరివి సాధారణంగా రెండు నుంచి మూడు కిలోలు. రోడ్డు పక్కన వేసుకోవడానికి అవి బాగానే ఉంటాయి, మోసుకుని నడవడానికి పనికిరావు.

*నాలుగు కాలాల గుడారం.* మంచుబరువు, పెనుగాలి తట్టుకోవడానికి దట్టమైన బట్ట, ఎక్కువ కడ్డీలు. రెండున్నర నుంచి నాలుగు కిలోల బరువు. చలి అన్నమాట వినగానే దీన్నే కొనేవారున్నారు. గాలి ఆడే మార్గాలు తక్కువ కాబట్టి మన కొండల్లో ఇది మామూలు గుడారం కంటే ఎక్కువ తడుస్తుంది.

బట్ట, కడ్డీలు, గూటాలు

నైలాన్ గట్టిది, కానీ తేమ పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం బిగుతుగా కట్టిన కప్పు అర్ధరాత్రికి వదులై లోపలి వల మీద వాలుతుంది. పడుకోబోయే ముందు ఒకసారి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకు నిదానంగా పాడవుతుంది, అందుకే ఈ తేమకు అదే మేలు. డైనీమా కాంపోజిట్ నీరు పీల్చదు, సాగదు, అన్నిటికంటే తేలిక. ధర మాత్రం ఎన్నో రెట్లు.

నీరు ఆపే శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. బట్ట మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలిపితే చుక్క దిగుతుందో అది ఆ అంకె. పై కప్పుకు 1,500 మిల్లీమీటర్లు చాలు. మోకాలి బరువు పడే నేలకు ఇంకా ఎక్కువ కావాలి, 3,000 ఉంటే నిశ్చింత. నేల కింద పలుచని పట్టా వేసుకుంటే రాళ్ళకు చిరగదు. ఆ పట్టా అంచు గుడారం బయటికి రాకూడదు. వస్తే పై కప్పు మీంచి జారే నీరు దాని మీదుగా కిందికి చేరుతుంది.

ఫైబర్ కడ్డీలు చవక, బరువు, చీలిపోతాయి. అల్యూమినియం మిశ్రలోహపు కడ్డీలు తేలిక, వంగినా అంత సులువుగా విరగవు. ఒక గొట్టపు ముక్కను వెంట ఉంచుకుంటే విరిగిన కడ్డీకి కట్టు కట్టవచ్చు. గూటాలు దిగని రాతినేల మీద తాడును పెద్ద రాయికి చుట్టి కట్టాలి. నడక కర్రల గుడారం గూటాల మీదే నిలుస్తుంది కాబట్టి వంజంగి శిఖరం వంటి రాళ్ళ చోట్ల తనంతట నిలిచే గుమ్మటమే సుఖం.

తేమ: గుడారానికి అసలు పరీక్ష

రాత్రంతా ఊపిరితో, ఒంటితో ఇద్దరు మనుషులు వదిలే తేమ సుమారు అర లీటరు. దానికి తోడు పై కప్పు తన వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. తేమగాలి దానికి తగలగానే నీటి బిందువులవుతుంది. చల్లని చెంబు బయటివైపు పట్టే చెమ్మ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గుడారం కారుతోందని చాలామంది అనుకునేది ఈ తేమనే.

చలేస్తోందని జిప్పులన్నీ మూసేసుకోవడం సహజం. అదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. తలవైపు పైన ఒక కిటికీ, కాళ్ళవైపు కింద ఒక సందు తెరిచి ఉంచితే తేమగాలి పైనుంచి పోతూ పొడిగాలి కింది నుంచి వస్తుంది. లోపల ఒకటి రెండు డిగ్రీలు చల్లబడినా పక్కబట్టలు పొడిగా ఉంటాయి. తడిసిన దూది కంటే పొడిగా ఉన్న దూదితో శరీరం ఎంతో వెచ్చగా ఉంటుంది. తడి బట్టలు, బూట్లు గుడారం లోపలి గదిలో కాక పై కప్పు కింది వసారాలో ఉంచాలి. తెల్లారాక పీల్చే గుడ్డతో కప్పు తుడిచి, ఎండ వచ్చాక పది నిమిషాలు ఆరబెట్టి మడిస్తే మోసే బరువు తగ్గుతుంది, బట్టకు బూజు పట్టదు.

నేల, పడక

గుడారం వెచ్చదనాన్ని పుట్టించదు. వెచ్చగా ఉంచేది పడక. అందుకే గుడారంలో ఆదా చేసిన బరువును పడకకు ఖర్చుపెట్టాలి. పరుపు వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ విలువ అంటారు. మామూలు ఫోమ్ చాపకు అది సుమారు 2. సున్నా నుంచి 5 డిగ్రీల రాత్రికి 3 లేదా అంతకు మించి ఉండాలి. రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కూడుకుంటాయి. ఊరి దగ్గర మజిలీ అయితే రైతును అడిగి వరిగడ్డి తెచ్చుకుని గుడారం కింద పరచుకోవచ్చు.

స్లీపింగ్ బ్యాగు మీద సాధారణంగా మూడు ఉష్ణోగ్రతలు రాస్తారు: హాయిగా నిద్రపట్టేది, ఓర్చుకోగలిగేది, ప్రాణాపాయపు హద్దు. కొనేటప్పుడు మొదటిదే చూడాలి. లంబసింగి చలికి 0 నుంచి 5 డిగ్రీల హాయి అంకె ఉన్న బ్యాగు సరిపోతుంది. ఆకలితో పడుకుంటే ఏ బ్యాగూ వెచ్చబెట్టదు. రాత్రి భోజనం తప్పకూడదు.

చోటు ఎంపిక

మంచి గుడారం చెడ్డచోట ఓడిపోతుంది. పల్లపు అడుగు, గెడ్డ ఒడ్డు, తాజంగి జలాశయం అంచు తెల్లారేసరికి అన్నిటికంటే చల్లగా, తడిగా ఉంటాయి. అక్కడి నుంచి ఇరవై ముప్పై మీటర్లు వాలు ఎక్కితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. చెట్టు కొమ్మల కింద నేల ఆకాశానికి నేరుగా ఎదురుపడదు కాబట్టి చెమ్మ తక్కువ పడుతుంది. ఎండుకొమ్మ లేని చెట్టు చూసుకోవాలి. వాకిలి తూర్పుకు పెడితే తొలి ఎండ తగిలి గుడారం త్వరగా ఆరుతుంది.

నిప్పు, పురుగు, రోగం

గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, స్టవ్ వెలిగించి మూసుకోవడం మృత్యువును పిలవడమే. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నెగడు వేసుకునేది ఊరివారు చూపిన చోట, గుడారానికి దూరంగా, గాలివాలు చూసుకుని. నైలాన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు.

నేల కుట్టి, జిప్పుతో మూసుకునే వలగది ఉంటే పాములు, తేళ్ళు, దోమలు లోపలికి రావు. గడ్డిలో ఉండే చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న జబ్బే. గడ్డి మీద నేరుగా పడుకోకూడదు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే ఎక్కడ పడుకున్నారో డాక్టరుకు చెప్పాలి, మలేరియా పరీక్ష చేయించుకోవాలి.

అనుమతి, మర్యాద

ఈ కొండల్లో చాలాభాగం రిజర్వు అడవి. అందులో రాత్రి గడపాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. చింతపల్లి, ఆర్.వి.నగర్ చుట్టుపక్కల కాఫీ తోటలు అటవీ అభివృద్ధి సంస్థవి, గిరిజన రైతులవి. సిల్వర్ ఓక్ నీడలో మిరియాల తీగల నడుమ చోటు చక్కగా కనిపించినా, అడగకుండా గుడారం వేయకూడదు. డిసెంబరులో పసుపు పచ్చగా పూసే వలిసె చేలు ఒకరి పంట. వాటిని తొక్కకూడదు.

నర్సీపట్నం నుంచి లంబసింగికి దారి వేసినప్పుడు బ్రిటిష్ అధికారులు మన్యం జనానికి కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మొదలైన తిరుగుబాటుకు అదొక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద జరిగిన దాడితో అది దేశానికి తెలిసింది. ఈ నేల మీద రాత్రి గడిపేవారు చోటుకు, కట్టెలకు, వంటకు, దారి చూపినవారికి తగిన సొమ్ము చెల్లించడం కనీస న్యాయం. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా కొండ మీద మిగలకూడదు.

హిమాలయాలకు వెళ్ళేవారికి

తెలుగు యువత ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వంటి సుమారు 3,800 మీటర్ల శిఖరాలకు డిసెంబరు, జనవరుల్లో వెళ్తోంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కాక ఈ ఆసక్తి మరీ పెరిగింది. అక్కడ మంచు కురుస్తుంది, గాలి విసురుతుంది, చలి సున్నాకు బాగా దిగువకు పోతుంది. నాలుగు కాలాల గుడారం, 5కు మించిన ఆర్ విలువ గల పరుపు అక్కడ తప్పనిసరి. లంబసింగిలో బాగా పనిచేసిన గుడారంతో అక్కడికి వెళ్ళకూడదు. అక్కడికి తగిన గుడారాన్ని లంబసింగికి మోసుకురావడమూ వృథా శ్రమ.

ఎంపిక సారాంశం

నర్సీపట్నం ఎగువ కొండల్లో చలికాలపు ఒక రాత్రి, రెండు రాత్రుల నడకకు తగినది: ఇద్దరికి కలిపి రెండు కిలోలు మించని జంట గోడ గుడారం, పాలిస్టర్ పై కప్పు, పైన కింద తెరిచే గాలి మార్గాలు, కుట్టిన నేల, పూర్తి దోమతెర, అల్యూమినియం కడ్డీలు. డబ్బు తక్కువైతే 90 జీఎస్ఎం బరకం, దోమతెర, నేలపట్టా తీసుకుని, మిగిలిన సొమ్ము మంచి పరుపుకు పెట్టాలి. కొత్త గుడారాన్ని కొండ మీద మొదటిసారి విప్పకూడదు. ఇంటి మేడ మీద చీకట్లో ఒకసారి నిలిపి, ఒక రాత్రి అందులో పడుకుని చూసి, ఆ తర్వాతే ఘాటెక్కాలి.